విప్పి చూడని రెండు షీట్లు

నెలకొకరైనా ఫోన్ చేస్తారు. కొత్తగా ఇళ్ల తనిఖీ పని మొదలుపెట్టామని చెప్పి, "సార్, థర్మల్ కెమెరా ఏది కొనమంటారు?" అని అడుగుతారు. నేను చెప్పడం మొదలుపెడితే రెండో నిమిషంలోనే అడ్డం వస్తారు. వాళ్లకు కావలసింది ఒక మోడల్ నంబరు. అది చెప్పేస్తే ఆర్డర్ పెట్టేసి, వారం తిరక్కుండా గోడల లోపల ఉన్నదంతా చూసేద్దామని ఆత్రం. నేను నంబరు చెప్పను. ముసలాడి చాదస్తం అనుకుని ఫోన్ పెట్టేస్తారు.

నంబరుకు బదులు నేను చెప్పాలనుకునేది ఇక్కడ రాస్తున్నాను. ఇది కెమెరా గురించే. దాన్ని ఎంచడంలో నేను చేసిన తప్పు గురించి, ఆ తర్వాత చేసిన అంతకంటే పెద్ద తప్పు గురించి. ఎవరి పేరూ రాయను. పోయినవాళ్ల పేరు వాడుకునే హక్కు నాకు లేదు, ఉన్నవాళ్లతో గొడవపడే ఓపిక అంతకన్నా లేదు.

నంద్యాల బస్టాండుకు దగ్గర్లో ఒక మందుల షాపు పైన రెండు గదుల ఆఫీసు మాది. పాత ఇల్లు కొనేవాళ్లు, కొత్త ఫ్లాటు తాళాలు తీసుకునేవాళ్లు మమ్మల్ని పిలిచేవాళ్లు. మేం పోయి గోడలు, కప్పు, పైపులు, కరెంటు చూసి, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని రిపోర్టు రాసిచ్చేవాళ్లం. ఆఫీసులో ముగ్గురమే. ఓనరు, నేను, ఒక మేస్త్రీ. ఓనరు గిరాకీ తెచ్చేవాడు, నేను రిపోర్టు రాసేవాణ్ణి, అసలు ఇల్లు చూసేది మేస్త్రీ. ఇది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పట్లో నేనే చూస్తున్నానని గట్టిగా నమ్మేవాణ్ణి.

మేస్త్రీది మిద్దెలు కప్పే కుటుంబం. వాళ్ల తాత కట్టిన మిద్దెలు ఇప్పటికీ చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నాయి. తెలియనివాళ్ల కోసం చెబుతాను. మా వైపు పాత ఇంటికి కప్పంటే గోడల మీద దూలాలు, దూలాల మీద అడ్డకర్రలు, వాటి మీద కట్టెలో బండలో పరిచి, ఆ పైన జానెడు మందాన చౌడు మట్టి. ఎంత ఎండలోనైనా లోపల చల్లగా ఉంటుంది. కాకపోతే ఏటా వానలకు ముందు పైన మొలిచిన గడ్డి పీకి, కొత్త చౌడు పోసి, తొక్కి చదును చెయ్యాలి. అలా చేసినన్నాళ్లు ఆ కప్పుకు ఢోకా లేదు. మానేసిన ఏడు నుంచి నీళ్లు దూలం తల దగ్గరికి, అంటే దూలం గోడలోకి దిగే చోటికి చేరతాయి. అక్కడ కర్ర పుచ్చడం మొదలైతే కింద నిలబడి చూసేవాడికి ఏమీ తెలియదు. తలుపు చెక్కకు వేసిన రంగు చూసి మురిసిపోయి ఇల్లు కొనేస్తాడు.

మేస్త్రీకి మాత్రం తెలిసేది. చెప్పులు విడిచి మిద్దె ఎక్కి, మడమతో నొక్కుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. కిందికి వచ్చి ఇనుప చువ్వతో దూలం తలను కొట్టి వినేవాడు. చివరికి దూలం తలకు ముక్కు ఆనించి వాసన చూసేవాడు. ఆ వాసన చూడటాన్ని నేను చాలాసార్లు ఎగతాళి చేశాను. "బిర్యానీనా ఏంది మేస్త్రీ, అంత దగ్గరగా చూస్తున్నావు?" అనేవాణ్ణి. "మీరు కూడా చూడండి సార్, ఒకసారి పుచ్చిన వాసన ముక్కుకెక్కిందంటే జల్మలో మర్సిపోరు" అనేవాడు. నేను ఎప్పుడూ చూడలేదు. డిప్లొమా చదివినవాణ్ణి, దూలం వాసన చూడటమేమిటి.

కర్నూలు నుంచి వచ్చిన ఇంకో కంపెనీవాళ్లు, వేడి చల్లదనాల తేడాను బట్టి తడిని పట్టే థర్మల్ కెమెరాతో ఇళ్లు చూస్తున్నారని ఓనరుకు ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి ఆయనకు నిద్ర లేదు. డీలరు మనిషిని పిలిపించాడు. అతను రెండు కెమెరాలు తెచ్చి, రెండు రోజులు వాడి చూసి ఏది కావాలో చెప్పమన్నాడు. ఎంచే పని నాకు అప్పగించారు.

వాటికి నేను పెట్టిన పేర్లు సాదాది, సోకుది. సాదాది చూడటానికి పాత టార్చిలైటులా ఉంటుంది, తెర చిన్నది, బొమ్మ కూడా అంత అందంగా రాదు. కానీ వేడిలో చాలా చిన్న తేడాను కూడా పట్టుకుంటుంది. సోకుదానికి అరచేయంత తెర, రంగురంగుల బొమ్మ. మామూలు ఫొటో మీద వేడి బొమ్మను పరిచి చూపిస్తుంది. పెట్టె మీద చుక్కల లెక్క, అంటే పిక్సెళ్లు, పెద్దది రాసుంటుంది, కానీ అందులో సెన్సరు నిజంగా చూసేవి కొన్నే, మిగిలినవి లోపలి సాఫ్ట్‌వేర్ ఊహించి నింపేవి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక బటన్ నొక్కితే ఆఫీసు ముద్రతో సహా రిపోర్టు తయారైపోతుంది.

ఈ రెంటినీ ఏసీ ఆఫీసులో టీ కప్పు మీద, ఒకరి చేతుల మీద పరీక్షించి లాభం లేదని చెప్పింది మేస్త్రీనే. "మన ఇంటికి రండి సార్. మిద్దె మీద సూద్దాం" అన్నాడు. ఆయన ఇల్లు కూడా పాత మిద్దె. మరుసటి రోజు మధ్యాహ్నం ఆయనే రెండు బిందెల నీళ్లు పైకి మోసుకెళ్లి ఒక మూల పోశాడు. ఆయన భార్య వాకిట్లో నిలబడి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఊరంతా మిద్దె కారకుండా సూసుకుంటాంటే నువ్వు కారేదానికి నీళ్లు పోస్తాండావా? సార్, మీరన్నా చెప్పండి ఈ మనిషికి" అంది.

నాలుగు గంటలకు సాదాది తెర మీద ఆ మూలలో రంగు కొంచెం మారింది. అరచేయంత మచ్చ. సోకుదాని తెర మీద కప్పంతా ఒకే రంగు, చూడముచ్చటగా ఉంది. మర్నాడు పొద్దున సోకుదానికీ మచ్చ కనిపించింది. కానీ అప్పటికి కింద మంచం మీద పడుకున్నవాడికి కూడా తడి కనిపిస్తోంది.

"కంటికి అగపడినాక ఇంక మిషన్ యాల సార్" అన్నాడు మేస్త్రీ.

నేను కాగితం మీద సాదాదే కొనాలని రాసి ఓనరు బల్ల మీద పెట్టాను. అందులో కారణాలు కూడా రాశాను. ఆ కాగితం గురించి నాకు ఇప్పటికీ గర్వమే. అది బతికింది ఒక్క పూట.

"రిపోర్టు ఏదిస్తాది?" అన్నాడు ఓనరు.

"సోకుది ఇస్తుంది సార్. కానీ తడిని పట్టేది..."

"తడి మనకు మేస్త్రీ పడతాడు లేప్పా. గిరాకీకి చేతిలో పెట్టేదానికి రంగు బొమ్మ గావల్ల. ఆళ్లగడ్డలో ఇంకో ఆఫీసు తెరుద్దామనుకుంటాండా. ఆడ మిమ్మల్నే పెద్దను చేద్దామనుకుంటాండా. మీరు కూడా కొంచెం యాపారం ఆలోచించాల గదా."

ఆయన నన్ను బలవంతం చెయ్యలేదు. రెండో కాగితం రాసింది నా చెయ్యే. అందులో సోకుది మన అవసరాలకు అన్ని విధాలా తగినది అని రాశాను. మేస్త్రీకి ఏం చెప్పాలో తెలియక, సాదాది స్టాకు లేదంట అని అబద్ధమాడాను. నమ్మాడో లేదో, "అట్లనా" అన్నాడు.

సోకుది వచ్చిన మొదటి నెలలోనే నా పరువు తీసింది. నంద్యాలలో ఒక కొత్త ఇంటి స్నానాల గదిలో, మెరిసే టైల్స్ గోడ మీద మనిషంత ఎత్తున వేడి మచ్చ కనిపించింది. గోడలో వేడినీళ్ల పైపు పగిలిందని ఇంటాయనతో గంభీరంగా చెప్పాను. ఆయన బిల్డరుకు ఫోన్ చేసి తిట్టడం కూడా మొదలుపెట్టాడు. మేస్త్రీ నా చెవి దగ్గరికి వచ్చి, "సార్, రవ్వంత పక్కకు జరగండి" అన్నాడు. జరిగాను. మచ్చ కూడా జరిగింది. అది నా ఒంటి వేడి, నున్నటి టైల్స్ మీద అద్దంలో పడ్డట్టు పడింది. మేస్త్రీ ఇంటాయన ముందు నవ్వలేదు. వీధి మలుపు తిరిగాక కరెంటు స్తంభం పట్టుకుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ కెమెరాతో మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే.

అసలు సంగతి ఆళ్లగడ్డది. అక్కడ పరుపులు కుట్టి అమ్మే ఆయన ఒకాయన ఉండేవాడు. భార్యాభర్తలిద్దరూ కలిసి పని చేస్తారు. ఆయన దూది కొడతాడు, ఆమె కుడుతుంది. పరుపుల పనికి చిన్న గదులు పనికిరావు, పరుపు పరిచి చుట్టూ తిరగగలిగేంత పెద్ద హాలు కావాలి. వాళ్లు బాడుగకున్న ఇల్లు చాలక, ఒక పాత మిద్దె ఇల్లు కొనాలనుకున్నారు. ఆ ఇంటి హాలు పెళ్లి పందిరంత ఉంది. అమ్మేది ఉయ్యాలవాడ వైపు పెద్ద రైతు. ఆయనకు ఆళ్లగడ్డలో ఇలాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి. వాటన్నిటి తనిఖీ పని మనకే వస్తుందని ఓనరు పొద్దున్నే నా చెవిన వేసి పంపాడు.

మేం పోయేటప్పటికి మూడు రోజుల ముసురు అప్పుడే వెలిసింది. ఆకాశం ఇంకా మబ్బుగానే ఉంది. ఇలాంటి రోజున లోపలా బయటా, తడీ పొడీ అన్నీ ఒకే చల్లదనానికి వచ్చేస్తాయి, కెమెరాకు తేడా దొరకదు. ఇది నాకు తెలుసు. ఇంకో రోజు వస్తామని చెప్పి తిరిగి వచ్చెయ్యాల్సింది.

పరుపులాయన గుమ్మం దగ్గరే నా చేతులు పట్టుకున్నాడు. "సార్, నాకు సదువు లేదు. కొనొచ్చునా, కొనగూడదా, ఆ ఒక్క మాట చెప్పండి. మా ఆడమనిషి దినమంతా ఈ కప్పు కిందనే కూర్చోని కుట్టల్ల" అన్నాడు. భార్య ఆయన వెనక నిలబడి హాలును కళ్లతోనే కొలుచుకుంటోంది. ఎక్కడ పరుపు పరచాలో, ఎక్కడ దూది పెట్టాలో అప్పటికే ఆమె నిర్ణయించేసుకుంది.

హాలు కప్పుకు కింద తెల్లటి పీవీసీ షీట్లు బిగించి ఉన్నాయి. ఈమధ్య పాత మిద్దెలన్నిటికీ ఇదొక అలవాటైంది. మట్టి రాలకుండా, చూడటానికి కొత్తగా ఉంటుందని కొడుతున్నారు. షీట్లకూ అసలు కప్పుకూ మధ్య జానెడు ఖాళీ. దూలాలు కనపడవు, దూలం తలలు అసలే కనపడవు.

మేస్త్రీ పైకెక్కి చాలాసేపు నడిచి వచ్చాడు. ముఖం బాగాలేదు.

"చౌడు మీద సిమెంటు పూసినారు సార్. మట్టి మిద్దెకు సిమెంటు పూస్తే లోపలికి పోయిన నీళ్లు యాడికీ పోలేవు, ఆడనే కూర్చుంటాయి. తూర్పు మూల మడమ కింద మెత్తగుండాది. ఈ మూలన రెండు షీట్లు ఇప్పితే దూలం తల సూసి చెప్తా" అన్నాడు.

అక్కడే కూర్చుని ఉన్న రైతు కుర్చీలోంచి లేవలేదు. "షీట్లు ఇప్పితే మళ్లా బిగియ్యవు. ఆ రంగు ఇప్పుడు దొరకదు. ఏందప్పా నువ్వు, ఇంత మిషన్ తెచ్చుకోని షీట్లు పీకుతానంటాండావు? సార్ సూస్తాడు లే, నువ్వు పక్కకు రా."

అందరూ నా వైపు చూశారు. నేను కెమెరా తీశాను. తూర్పు మూల, పడమటి మూల, మధ్య, అన్నీ చూశాను. తెరంతా ఒకే నీలం, ఎక్కడా మచ్చ లేదు. ఉండదు కూడా. ఏ థర్మల్ కెమెరా అయినా చూసేది ఎదురుగా ఉన్న పైపొర వేడిని మాత్రమే. నేను చూస్తున్నది కప్పును కాదు, షీటును. దేని వెనకనున్నదాన్నీ అది చూడలేదు. ఫోన్ చేసే ప్రతివాడికీ నేను మొదట చెప్పబోయేది ఇదే, వాళ్లు వినకుండా అడ్డం వచ్చేదీ ఇక్కడే. సాదాది ఉండి, ఎండ కాసిన రోజు సాయంత్రం అయ్యుంటే, తడి చల్లదనం షీటు దాకా దిగి రవ్వంత తేడా పట్టేదేమో. పట్టేదని ప్రమాణం చేసి చెప్పలేను. రెండు షీట్లు విప్పి ఉంటే మాత్రం ఏ కెమెరా అక్కర్లేకపోయేది.

"ఏమీ కనిపించడం లేదు" అన్నాను. అది అబద్ధం కాదు. ఏమీ లేదు అని వాళ్లు అర్థం చేసుకున్నారు. అలాగే అర్థం చేసుకుంటారని తెలిసే అన్నాను.

"మిషనే చెప్తాంది గదా" అన్నాడు రైతు. పరుపులాయన భార్య మొదటిసారి నవ్వింది.

తిరుగు ప్రయాణంలో నంద్యాల దగ్గర పడ్డాక మేస్త్రీ అన్నాడు. "సార్, రిపోర్టులో నా మాట రాయండి. రెండు షీట్లు ఇప్పి దూలం తల సూడకుండా కొనొద్దని రాయండి. నేను ఆ ఇంటికి ఊ అనల్యా."

"రాస్తాలే మేస్త్రీ" అన్నాను.

రాశాను కూడా. ఓనరు చదివాడు. "ఈ ఒక్క లైను పోతే ఆ రైతు మనల్ని మళ్లీ గడప తొక్కనియ్యడు" అన్నాడు. 'ఉంటే' అనబోయి 'పోతే' అన్నాడు. ఇద్దరికీ అర్థమైంది. నేను ఆ లైను చెరిపేశాను. అంతటితో ఆగినా బాగుండేది. కెమెరా తయారు చేసిన రిపోర్టులో కప్పు పైభాగానికి ఒక గడి ఉంటుంది. చూసినవారు ఎవరు అన్నచోట మేస్త్రీ పేరు ముందే వచ్చి ఉంటుంది. లోపాలు అన్నచోట మనం ఏమీ రాయకపోతే దానంతటదే 'లేవు' అని పడుతుంది. నేను లైను చెరపగానే అక్కడ 'లేవు' అని పడింది, దాన్ని నేను అలాగే ఉండనిచ్చాను. చదివేవాడికి అర్థమయ్యేది ఒక్కటే, మేస్త్రీ చూశాడు, లోపాలు లేవు. ముద్ర పడింది, కాగితం పరుపులాయన చేతికి వెళ్లింది. ఆయన ఇల్లు కొన్నాడు.

ఆ ఏడు వానాకాలం చివర్లో తూర్పు మూల కూలింది. పొద్దున పదకొండు గంటల వేళ. ఆయన దొర్నిపాడులో పరుపులు దించడానికి పోయి ఉన్నాడు. ఆమె ఆ మూలనే కూర్చుని కుడుతోంది. దూలం, మట్టి, సిమెంటు పెచ్చులు, తెల్లటి షీట్లు అన్నీ ఆమె మీద పడ్డాయి. తుంటి ఎముక విరిగింది. ప్రాణం దక్కింది. మళ్లీ నేల మీద కూర్చునే యోగం మాత్రం పోయింది.

పదిహేను రోజుల తర్వాత పరుపులాయన ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చాడు. అరవలేదు. రిపోర్టు బల్ల మీద పెట్టి, "ఇది రాసింది ఎవురు? పైన సూసింది ఎవురు?" అని అడిగాడు. ఓనరు కాగితం తీసి, మొదటిసారి చూస్తున్నట్టు చదివి, ఆ గడి మీద వేలు పెట్టాడు. "కప్పు పైభాగం చూసింది మేస్త్రీ. లోపాలు లేవని ఈయనే చెప్పినాడు, ఇదో" అన్నాడు.

మేస్త్రీ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. చదవడం అయిపోయాక తలెత్తి నన్ను చూశాడు. నేను కంప్యూటర్ తెరను చూస్తున్నాను. తెర ఆరిపోయి ఉంది. అయినా దాన్నే చూశాను. నోరు తెరిచి ఒక్క ముక్క అంటే చాలు. ఆళ్లగడ్డ ఆఫీసు, నా పిల్లల చదువులు, రిపోర్టు రాసిన చేతికి పోలీసు స్టేషన్‌లో ఏమవుతుందోనన్న భయం, అన్నీ ఆ ఆరిపోయిన తెరలో కనిపించాయి. పిరికితనానికి ఇంతకన్నా మంచి పేరు నాకు దొరకలేదు, వెతకడమూ మానేశాను.

మేస్త్రీ కాగితం బల్ల మీద పెట్టాడు. "ఆడ పేరు నాదే ఉండాది" అన్నాడు. తర్వాత పరుపులాయన వైపు తిరిగి, "మెత్తగుందని నా కాలికి తెలిసినాది అన్నా. తెలిసి కూడా నేను ఆడ అడ్డం పడి నిన్ను ఆపల్యా. తప్పు నాదే" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు. మళ్లీ పనికి రాలేదు. పెద్దమనుషులు పోయాక ఓనరు నా భుజం తట్టి, "మీరు మాట్లాడకపోవడం మంచిదైంది" అన్నాడు. నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన మెచ్చుకోళ్లలో బాగా గుర్తున్నది అదే.

ఆ తర్వాత కొన్నేళ్లు అక్కడే పని చేశాను. ఆళ్లగడ్డ ఆఫీసు తెరిచారు, నన్ను పెద్దను చేశారు. సోకుదాని బదులు ఇంకా మంచి కెమెరా కొన్నాం. ఈసారి ఎంపిక సరిగ్గానే చేశాను. షీట్లున్న ఏ ఇంటికి పోయినా విప్పితే తప్ప సంతకం పెట్టనని మొండికేసేవాణ్ణి. అందరూ నన్ను చాలా నిక్కచ్చి మనిషి అనేవాళ్లు. నేను ఆ మాట కాదనేవాణ్ణి కాదు.

రిటైరయ్యాక ఒకరోజు హార్డ్‌వేర్ షాపులో మేస్త్రీ పోయాడని తెలిసింది. జ్వరమని పడుకుని లేవలేదట, అప్పటికే రెండు నెలలైంది. వినగానే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు. ఇక నన్ను అడిగే మనిషి లేడన్న నిశ్చింత. షాపు మెట్లు దిగేలోపే ఆ నిశ్చింతకు నా మీద నాకే అసహ్యం పుట్టింది. మర్నాడు ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఆయనకు చెప్పలేనిది కనీసం ఆ పరుపులావిడకైనా చెప్పాలనుకున్నాను. చెబితే ఆయన పేరు మీదున్న మచ్చ పోతుందని, కొంత నా బరువూ దిగుతుందని అనుకున్నాను. రెండోదే ఎక్కువ అనుకున్నానేమో.

ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. ఎత్తు కుర్చీలో కూర్చుని దిండు గలీబు కుడుతోంది. కుర్చీ పక్కన చేతికర్ర. నన్ను గుర్తుపట్టింది.

"మీరు మిషన్ తెచ్చిన సారు గదా. రండి. నేను లేసేదానికి కాదు, ఏమనుకోవద్దు. పరుపులు కుట్టలేనింక, దిండ్లే కుడతా" అంది.

తలెత్తి తూర్పు మూల చూశాను. కొత్త వేప దూలం, కొత్త అడ్డకర్రలు. షీట్లు లేవు. పనితనం చూడగానే ఎవరిదో తెలిసింది.

"ఆ మేస్త్రీనే కట్టిపోయినాడు" అంది ఆమె నా చూపు కనిపెట్టి. "నేను ఆస్పత్రి నుంచి వచ్చినాక ఎండాకాలంలో ఒగ దినం వచ్చి, తప్పు నాది, నన్ను చేసుకోనియ్యండి అన్నాడు. దుడ్లు ఇస్తామంటే ముట్టల్యా. ఎండలు మండిపోతాండె. ఇరవై దినాలు చేసినాడు. పోయినాడంట గదా మొన్న."

"అవునమ్మా. ఆయన గురించే చెప్పాలని వచ్చాను" అన్నాను.

చెప్పాను. షీట్లు విప్పమని ఆయన అడిగింది ఆమెకు గుర్తు లేదు. కొనొద్దని రాయమన్నది, నేను రాసి చెరిపింది, ఆఫీసులో నోరు మూసుకుని కూర్చున్నది, అన్నీ వరసగా చెప్పాను. ఏదీ తగ్గించలేదు. ఆమె సూది కదలడం మానేసింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండుననుకున్నాను.

"లేవు అని రాసింది మీరని ఆయప్పకు తెల్సా?" అంది.

"తెలుసమ్మా."

"తెలిసి కూడా మాకు చెప్పల్యా?"

"చెప్పలేదు."

ఆమె తలెత్తి ఆ దూలం వైపు చూసింది.

"మా ఇంటాయన టీ ఇస్తానన్నాడు సార్. నేనే వద్దన్నా. మంచంలో పండుకోనే అరిచినా, నన్ను ఇట్ల చేసినోనికి ఈ ఇంట్లో నీళ్లు గూడా ఇయ్యొద్దని. ఆయప్ప ఇన్నాడు. ఏమీ అనల్యా. దప్పికైతే వీధి చివర హోటలు దాకా పోయి తాగొస్తాండె. ఇరవై దినాలు సార్. మీరిప్పుడొచ్చి చెప్తే ఆ నీళ్లు నేను ఎవురికి ఇయ్యల్ల?"

లేచి నిలబడ్డాను. ఆమె గలీబు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది, కానీ కుట్టలేదు.

"ఎండకు పడి వచ్చినారు. కడవ ఆ మూలన ఉండాది, నేను లేయలేను" అంది. "మీరే ముంచుకోని తాగి పోండి."

కడవ దాకా నడిచి, చెంబు చేతిలోకి తీసుకున్నాను. తాగలేక అక్కడే పెట్టి బస్టాండుకు వచ్చేశాను.